పేరు దక్కని సిపాయి

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) మన దేశం నుండి పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటి వెళ్ళారు. వారిలో 70 వేలకు పైగా తిరిగి రాలేదు. మృతులలో ముస్లిం యువకులు ఎందరో ఉన్నారు.

వీరి ప్రస్తావన వచ్చినప్పుడు మనలో కొందరికి సంకోచం కలుగుతుంది. అది అకారణం కాదు. మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, వీరు ఎదుర్కొన్నది ఉస్మానియా ఖలీఫా సైన్యాన్ని. 1914 నవంబరులో ఇస్తాంబుల్ నుండి జిహాద్ ప్రకటన కూడా వెలువడింది. అయితే ఆ యుద్ధాన్ని నిర్ణయించినవారు వేరు, జీతానికి పటాలంలో చేరి అధికారి ఆజ్ఞపై ఓడ ఎక్కిన పల్లెటూరి పిల్లవాడు వేరు. సామ్రాజ్యంపై మన తీర్పు ఏదైనా కావచ్చు. జనాజా నమాజు మాత్రం సమాజంపై ఫర్జె కిఫాయా. మృతుని కోసం దుఆ చేయడం మన బాధ్యత.

ఇంగ్లాండులోని ఆసుపత్రులలో మరణించిన ముస్లిం సిపాయిలకు ఆ మర్యాద కొంత దక్కింది. మన సైనికుల అంత్యక్రియలు ధర్మానుసారం జరగడం లేదని జర్మనీ ప్రచారం చేస్తున్న రోజులవి. వోకింగ్ మసీదు ఇమాము మౌల్వీ సద్రుద్దీన్ ప్రత్యేక ఖబరస్తాను కావాలని పట్టుబట్టారు. ఫలితంగా 1917 నాటికి హార్సెల్ మైదానంలో గోడ, గుమ్మటపు ద్వారంతో అది పూర్తయింది. ఆ మసీదు 1889లో భోపాల్ బేగం షాజహాన్ విరాళంతో వెలిసింది. దాని పక్కనున్న భవనానికి హైదరాబాదు దివాను సర్ సాలార్‌జంగ్ పేరు పెట్టారు. 1960ల చివర ఆ సమాధులను బ్రూక్‌వుడ్ శ్మశానానికి తరలించారు. పాత స్థలం 2015లో శాంతివనమైంది.

ఫ్రాన్సులో కూడా పేర్లు మిగిలాయి. 1927లో నెవ్ షపెల్ వద్ద ఆవిష్కరించిన స్మారకంపై 4,700కు పైగా భారతీయుల పేర్లు చెక్కారు.

బస్రాలో అలా జరగలేదు. 1929లో అక్కడ ఆవిష్కరించిన స్మారకంపై బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు ఉన్నాయి. సాధారణ భారతీయ సిపాయిల విషయంలో మాత్రం ఏ పటాలంలో ఎందరు చనిపోయారో అంకె వేసి ఊరుకున్నారు. అలా అంకెలుగా మిగిలినవారు 30 వేలకు పైమాటే. ఐరోపావారి కంట పడేచోట పేరు, పడనిచోట అంకె! కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఈ వివక్షను 2021 నివేదికలో అంగీకరించి క్షమాపణ చెప్పింది.

క్షమాపణతో పేరు తిరిగి రాదు. దానిని మనం వెదకాలి. ఆనాటి వెండి యుద్ధ పతకం అంచు చుట్టూ సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. మృతుని కుటుంబానికి ఇచ్చిన కంచు బిళ్ళపై కూడా అతని పేరు ఉంటుంది. గోదావరికి ఆవల, తాడేపల్లిగూడెం సమీపాన ఉన్న మాధవరం తన సైనికులను మరువక 'మిలటరీ మాధవరం' అనిపించుకుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ముస్లిం కుటుంబాలు కూడా తాతల నాటి పెట్టెలు ఒకసారి తెరవాలి. పతకమో బిళ్ళో దొరికితే వెండి బరువు, కంచు బరువు చూసి అమ్ముకోవద్దు. అంచుపై ఉన్న అక్షరాలు చదివి, మసీదు కమిటీ పుస్తకంలో వ్రాయించండి. ఆ పేరుతో ఒక దుఆ చేయండి.