బాఖ్‌కీ మనుషులు చాల్లేదు

టీములో మనుషులు చాలట్లేదని పైవాళ్ళకి మెయిలు కొట్టని సాఫ్ట్‌వేరు వాడెవడైనా ఉంటాడా? 1730 ఆగస్టు 23న సాక్షాత్తూ బాఖ్ మహాశయుడూ అదే పని చేశాడు. అప్పుడాయన జర్మనీలోని లైప్జిగ్‌లో సెయింట్ థామస్ బడి కాంటర్, అంటే పిల్లలకి సంగీతం నేర్పి ఊళ్ళో చర్చిల్లో పాడించే పెద్ద. ఉత్తరం వెళ్ళింది నగర కౌన్సిల్‌కి. (ఈయన సరిగ్గా పనిచెయ్యట్లేదని అదే నెల మొదట్లో తిట్టుకున్న కౌన్సిలే లెండి.)

లెక్క చూడండి. కోయిర్‌కి కనీసం 12 మంది, వీలైతే 16 మంది గాయకులు కావాలి. వాద్యగాళ్ళు 18 నుంచి 20 మంది కావాలి, ఉన్నది 8 మంది. ఇక పిల్లల్ని పేర్లతో సహా మూడు గుంపులు చేశాడు: పనికొచ్చేవాళ్ళు 17, ఇంకా నేర్వాల్సినవాళ్ళు 20, పనికిరానివాళ్ళు 17.

ఈ చివరి మాటే నాకు మింగుడుపడదు. కుర్రాళ్ళ పేర్లు రాసి మరీ పనికిరారనడమా! అయితే అదే ఉత్తరంలో ఇంకో సంగతుంది. సంగీతం అంతంతమాత్రం వచ్చినవాళ్ళని సెయింట్ పీటర్ చర్చికి పంపేవాడు, అక్కడ మామూలు కీర్తనలు పాడితే చాలు. అంటే వాళ్ళకీ ఆదివారం ఒక చోటుంది.

కౌన్సిల్ పెద్దగా కరగలేదు. ఆ అక్టోబరులో పాత మిత్రుడికి రాస్తూ వేరే ఉద్యోగం చూడమన్నాడు కూడా. అయినా 1750లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఆయన వాడిన కాలోవ్ వ్యాఖ్యాన బైబిలు ఇప్పటికీ ఉంది, 1733 అని వేసి సంతకంతో. దావీదు గాయకుల్ని నియమించే మొదటి దినవృత్తాంతముల 25వ అధ్యాయం పక్కన, దేవుడికి నచ్చే సంగీతానికి అసలు పునాది ఇదేనన్న అర్థంలో సొంత దస్తూరీతో రాసుకున్నాడు. గురువూ శిష్యుడూ, పెద్దా చిన్నా తేడా లేకుండా వంతుల కోసం చీట్లు వేసుకున్న అధ్యాయమది. కాకపోతే దావీదుకి దొరికిన 288 మందీ ప్రవీణులేనట. బాఖ్‌కి ఆ అదృష్టం ఎక్కడిది!