ఎండిన పుట్టగొడుగుల సాక్ష్యం: ఉత్తర ఐరోపా శిలీంధ్ర హెర్బేరియాలు

చరిత్రకారుడికి శాసనం ఎలాంటిదో వర్గీకరణ శాస్త్రజ్ఞుడికి హెర్బేరియం నమూనా అలాంటిది. గ్రంథంలోని వర్ణన ఏ జీవిని ఉద్దేశించిందో తేల్చవలసి వచ్చినప్పుడు నమూనానే ఆశ్రయించాలి. ఉత్తర ఐరోపా శిలీంధ్రాల అధ్యయన చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

వర్ణన ఉంది, నమూనా లేదు

స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎలియాస్ మాగ్నస్ ఫ్రీస్ (1794–1878) తన ‘సిస్టెమా మైకోలాజికమ్’ గ్రంథాన్ని 1821–1832 మధ్య ప్రచురించాడు. 1981లో నియమం మారేవరకు అనేక శిలీంధ్రాల నామకరణానికి ఈ గ్రంథమే ఆరంభ బిందువు. అయితే ఆయన వర్ణించిన మెత్తని పుట్టగొడుగుల్లో చాలావాటికి నమూనాలు లేవు. ఇందుకు కారణం అశ్రద్ధ కాదు. ఎండితే పుట్టగొడుగు ముడుచుకుపోతుంది; రంగు, వాసన పోతాయి. అందుకే ఆయన చిత్రకారులతో రంగుల చిత్రాలు వేయించాడు. వాటిలో అనేకం నేటికీ స్టాక్‌హోమ్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. కానీ చిత్రాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడలేం కదా!

పొట్లంలో మిగిలిన ఆధారం

ఫిన్లాండ్‌కు చెందిన పెటర్ అడాల్ఫ్ కార్‌స్టెన్ (1834–1917) ముస్తియాల వ్యవసాయ విద్యాలయంలో బోధిస్తూ శిలీంధ్రాలను సేకరించాడు. సిద్ధబీజాలను సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. ఆయన సేకరణ హెల్సింకి విశ్వవిద్యాలయ హెర్బేరియంలో ఉంది. ఇలాంటి ఎండు నమూనా నుంచి పలుచని ముక్క కోసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడితే కణాలు మళ్లీ ఉబ్బుతాయి, సిద్ధబీజాలను కొలవవచ్చు. పాత నమూనాల నుంచి కొన్నిసార్లు డీఎన్ఏ కూడా లభిస్తుంది. పొట్లంపై రాసిన స్థలం, తేదీ, ఆధారమైన చెట్టు పేరు లేకపోతే ఈ ఫలితాల విలువ చాలావరకు తగ్గిపోతుంది.

లోటు పూడ్చిన తరం

సెత్ లుండెల్, జాన్ ఆక్సెల్ నాన్‌ఫెల్ట్ 1934 నుంచి ముఖ్యంగా ఉప్సల ప్రాంతపు శిలీంధ్రాలను ఎండబెట్టి, ముద్రిత చీటీలతో సంపుటాలుగా వివిధ హెర్బేరియాలకు పంపారు. ఫ్రీస్ పనిచేసిన ప్రాంతమే కావడంతో, ఆయన పేర్లను వ్యాఖ్యానించేవారికి ఇవి విలువైన ఆధారాలయ్యాయి. మూల నమూనా, చిత్రం వంటి తొలి ఆధారాలేవీ మిగలనప్పుడు మరో నమూనాను నవప్రరూపంగా ఎంచుకోవచ్చు.

ఇది కేవలం పేర్ల వివాదం కాదు. ఫ్రీస్ అనేక జాతులను వర్ణించిన కార్టినేరియస్ ప్రజాతిలో మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీసేవి ఉన్నాయి. ఒకే పేరుతో ఇద్దరు రెండు వేర్వేరు పుట్టగొడుగులను పిలిస్తే, విషం గురించిన హెచ్చరిక తప్పు జాతికి చేరుతుంది. 1958 జనవరి 1 నుంచి కొత్త జాతి పేరుకు ప్రరూపాన్ని సూచించడం తప్పనిసరి కావడం వెనుక ఇలాంటి అనుభవమే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వర్ణన, చిత్రం, నమూనా – ఈ మూడు ఆధారాల బలాబలాలను ఫ్రీస్, కార్‌స్టెన్‌ల కృషి ఆధారంగా పోల్చండి.