తేలికపాటి విమానం కొనుగోలు – నేల ఎంపిక: భావనపాడు తీరం నుంచి ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సరదాకోసమో శిక్షణకోసమో ఎగిరే చిన్న విమానాన్ని మన దేశంలో ఎవరు, ఏ లెక్కలు వేసుకొని కొన్నారన్నది ఈ వ్యాస విషయం. 1910 నుంచి నేటి వరకు ఆ కొనుగోలు నడిచిన తీరును శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడు తీరాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం జరిగింది. యంత్రం ఎంపికకన్నా ముందు నేల ఎంపిక జరిగిందని, ఆ నేల ఎక్కడుండాలో కొనేవారు కాక ప్రభుత్వమే నిర్ణయిస్తూ వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తేలికపాటి విమానం, భావనపాడు, ఫ్లయింగ్ క్లబ్బు, మాత్, పుష్పక్, హంస.

1. ఉపోద్ఘాతం

విమానయాన చరిత్రను మనం సాధారణంగా పెద్ద విమానాల చరిత్రగా చదువుకుంటాం. విమానాశ్రయాలు, ప్రయాణికుల సంఖ్య, యుద్ధాలు అందులో ప్రధానాంశాలు. ఒకరో ఇద్దరో కూర్చొని ఎగిరే చిన్న యంత్రం ఆ చరిత్రలో అంచున మిగిలిపోయింది. డబ్బున్నవారి సరదాగా దాన్ని పక్కన పెట్టడం సులభమే. అయితే ఆ సరదాకు ఎక్కడ చోటు దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్న ప్రశ్న వేసుకుంటే ప్రాంతీయ చరిత్రకు పనికివచ్చే సంగతులు కొన్ని బయటపడతాయి.

ఈ ప్రశ్న వేయడానికి భావనపాడును ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకవైపు బంగాళాఖాతం, వెనుక సరుగుడు తోటలు, నౌపడ ఉప్పుమడులు, ఉప్పుటేళ్లు, తేలినీలాపురం పక్షుల విడిది. కాగితం మీద చూస్తే ఇంత చదునైన నేల చిన్న విమానానికి తగినదే అనిపిస్తుంది. కానీ ఈ తీరం పాలనాపరంగా చేతులు మారుతూ వచ్చింది. మొదట గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లా. 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. ఏ కాలంలోనూ ఇది పాలనా కేంద్రానికి దగ్గర కాదు. ఈ దూరమే మన కథలో ముఖ్యాంశం.

2. మాటలోనే మొదలైన పోలిక

విమానం అన్న మాట యంత్రంతోపాటు పుట్టినది కాదు. అమరకోశంలో వ్యోమయానానికి పర్యాయంగా అది కనిపిస్తుంది. గర్భాలయం మీది కట్టడానికీ అదే పేరు. కొత్త యంత్రం వచ్చినప్పుడు చదువుకున్నవారు సిద్ధంగా ఉన్న ఈ మాటను దానికి అతికించారు. పల్లెజనం మాత్రం తమకు తెలిసిన మోటారుకు గాలిని చేర్చి ‘గాలిమోటారు’ అన్నారు. నా దృష్టిలో రెండో మాటే యంత్రస్వభావానికి దగ్గరగా ఉంది. విమానం అనే మాటలో దైవత్వముంది. గాలిమోటారు అనే మాటలో ఇంజనుంది, ఇంధనముంది, చెడిపోయే గుణముంది. కొనేవాడికి కావలసినవి అవే.

3. క్లబ్బులకు ముందు

ఉత్తరాంధ్ర అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఆ మద్రాసులోనే 1910లో హోటలు యజమాని డాంజెలిస్ తన ఊహతో ఒక విమానాన్ని సింప్సన్ కంపెనీలో తయారు చేయించుకొని పల్లావరం దగ్గర ఎగురవేశాడు. బండ్లు కట్టే కర్మాగారమే అక్కడ విమాన కర్మాగారమైంది. దాదాపు అదే సమయంలో పటియాలా మహారాజు తన ఇంజనీరును యూరపుకు పంపి విమానాలు తెప్పించుకున్నాడు. ఒకరు చేయించుకున్నారు, మరొకరు తెప్పించుకున్నారు. ఇద్దరికీ అడ్డు చెప్పే చట్టం ఇంకా లేదు.

ఆ స్వేచ్ఛ ఎంతోకాలం నిలవలేదు. 1911లోనే ఇండియన్ ఎయిర్‌షిప్స్ చట్టం వచ్చింది. తయారీ, స్వాధీనం, వాడకం, అమ్మకం, దిగుమతి, ఎగుమతి అన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. ఆకాశంలో విమానాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని కూడా లేని రోజుల్లోనే వాటి అమ్మకాన్ని నియంత్రించాలని ప్రభుత్వం తలచిందన్నది గమనించదగిన విషయం. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టంలోనూ, 2025 జనవరి 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమంలోనూ ఈ ధోరణి కొనసాగింది.

4. మాత్: చవకైన విమానం, దూరపు నేల

సొంత విమానం అన్న ఆలోచనను మధ్యతరగతి పైమెట్టు వరకు దించినది డి హావిలాండ్ కంపెనీ మాత్ విమానం. 1925 ఫిబ్రవరి 22న తొలిసారి ఎగిరింది. దాని రూపకర్త జెఫ్రీ డి హావిలాండ్‌కు రెక్కల పురుగులంటే ఆసక్తి. చిమ్మట రెక్కలు ముడుచుకున్నట్లు ఈ విమానం రెక్కలను వెనక్కి మడిచి కారు షెడ్డులో పెట్టుకోవచ్చు. 30 అడుగుల రెక్కల విస్తారం మడిచినప్పుడు దాదాపు 10 అడుగులకు కుదించుకుపోతుంది.

1928లో వచ్చిన జిప్సీ మాత్ ధర ఇంగ్లండులో 650 పౌన్లు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల నాటి మారకం ప్రకారం అది సుమారు 8,700 రూపాయలు. ఓడ కిరాయి, సుంకం వేరు. జమీందారీలకు నెలవైన ఉత్తరాంధ్రలో ఈ మొత్తం అందరికీ అందనిది కాదు. ధర ఒక్కటే నిర్ణయించి ఉంటే విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల సరసన క్లబ్బులు వెలసి ఉండాలి.

కానీ నిర్ణయం వేరేచోట జరిగింది. 1920ల చివర ప్రభుత్వ సహాయంతో ఢిల్లీ, కరాచీ, బొంబాయి, కలకత్తాలలో ఫ్లయింగ్ క్లబ్బులు వచ్చాయి. తొలి మాత్ విమానాలను వాటికి ప్రభుత్వమే సమకూర్చింది. కొద్దికాలానికి మద్రాసు వాటి సరసన చేరింది. బోధకుడు, మెకానిక్కు, విడిభాగాలు, పరీక్షాధికారి అందరూ అక్కడే. బొంబాయి క్లబ్బులో నేర్చుకున్న జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు పొందారు. ఆయన ప్రతిభను తక్కువ చేయనవసరం లేదు. ఆయన నివసించే నగరంలోనే క్లబ్బు ఉండడమూ ఆ ప్రతిభకు తోడైంది.

భావనపాడు నుంచి లెక్క వేసి చూద్దాం. వాయుమార్గంలో మద్రాసు సుమారు 750 కిలోమీటర్లు, కలకత్తా 600 పైచిలుకు. జిప్సీ మాత్ ఒకసారి నింపిన పెట్రోలుతో పోగలిగినది సుమారు 500 కిలోమీటర్లు. అంటే ఏ క్లబ్బుకు పోవాలన్నా దారిలో దిగి తీరాలి. ఏటేటా ఎగరడానికి అర్హమని ధ్రువపత్రం పొందడానికి, ఇంజను విప్పించుకోవడానికి ఇంత దూరం పోయి రావాలి. మద్రాసుకూ కలకత్తాకూ నడుమ ఉండడం రైలుకు వరమైంది, చిన్న విమానానికి శాపమైంది.

1932 అక్టోబరు 15న టాటా కరాచీ నుంచి బొంబాయికి పుస్ మాత్‌లో టపా తెచ్చారు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. అప్పటికి మద్రాసు రాజధానిలో ఉన్న బళ్లారికి, అక్కడి తెలుగువారికి, ఇలా తేలికపాటి విమానం పరిచయమైంది. ఆ దారి దక్కనును పట్టుకొని పోయింది, ఉత్తరాంధ్ర తీరాన్ని తాకలేదు. తూర్పు తీరానికి 1942 ఏప్రిల్ 6న విమానాలు వచ్చాయి, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన జపాను విమానాలవి. ఒక ప్రాంతానికి విమానం టపా మోసుకొచ్చి పరిచయమైతే, ఇంకో ప్రాంతానికి బాంబులతో పరిచయమైంది.

5. చెక్కా, ఉక్కా: ఉప్పుగాలి ప్రశ్న

యంత్రం ఎంపికకు వస్తే తీరప్రాంతంలో మొదటి ప్రశ్న వేగం కాదు, ధర కాదు. ఒళ్లు దేనితో చేశారన్నదే. తొలి మాత్‌ల శరీరం జిగురుతో అతికించిన చెక్కపలకలు. తేమకు ఆ జిగురు పట్టు సడలుతుంది, పలకలు పొరలుగా విడిపోతాయి. విదేశీ వాడకందారుల అవసరం గుర్తించి కంపెనీ ఉక్కుగొట్టాల చట్రంతో ‘మెటల్ మాత్’ను తెచ్చింది. చెక్క బాధ కొంత తీరింది. అయితే ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పడుతుంది, అది గొట్టం లోపలనుంచి పడితే కంటికి కనబడదు. నౌపడ ఉప్పుమడుల పక్క ఊళ్లలో ఇనుప గేటు ఎన్నేళ్లు నిలుస్తుందో తెలిసినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కర లేదు.

స్వాతంత్ర్యానంతరం హెచ్.ఎ.ఎల్. తయారు చేసిన పుష్పక్ కూడా ఇదే సంప్రదాయంలోది. అమెరికా ఏరోంకా చీఫ్ ఆధారంగా రూపొంది 1958 సెప్టెంబరు 28న ఎగిరింది. ఉక్కుగొట్టాల చట్రం, పైన బట్ట, 90 అశ్వశక్తి కాంటినెంటల్ ఇంజను, ఇద్దరికి చోటు. సుమారు 150 తయారై దేశంలోని క్లబ్బులకు చేరాయి. రామకథలోని పుష్పకంలో ఎందరెక్కినా మరొకరికి చోటుంటుందని మనవాళ్లు చెప్పుకుంటారు. ఈ పుష్పక్‌లో మూడోవాడికి చోటు లేదు. పేరు పెట్టినవారు ఈ వైరుధ్యాన్ని గమనించారో లేదో గాని, అందరిదీ కావలసిన వాహనం కొందరికే పరిమితమైన తీరుకు ఇంతకన్నా మంచి సంకేతం కల్పించలేం.

తరువాతిది బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన హంస. హంస-3 నమూనా 1998 మే 11న ఎగిరింది, 2000లో ధ్రువపత్రం పొందింది. దీని ఒళ్లు గాజునార మిశ్రమంతో చేసినది, ఇంజను ఆస్ట్రియావారి రోటాక్స్. మిశ్రమానికి తుప్పు పట్టదు. కాని బోల్టులు, కీళ్లు, తీగలు లోహాలే. పైగా ఎండకు ఇటువంటి ఒళ్లు బలహీనపడకుండా తెల్లరంగు తప్పనిసరి. బెంగళూరులోనే రాజ్‌హంస సంస్థ ఎక్స్-ఎయిర్ వంటి మైక్రోలైట్లను తయారు చేసి విదేశాలకు కూడా పంపింది. పుష్పక్, హంస, రాజ్‌హంస! ఇంగ్లీషువాడు పురుగు పేరు పెడితే మనం పురాణాలవైపు పోయాం.

వాడిన విమానం కొనేటప్పుడు చూడవలసినవి నేటికీ పెద్దగా మారలేదు. మొదట లాగ్‌బుక్కు చూడాలి. పుటలు తెగిపోకుండా, గంటలు వరుస తప్పకుండా ఉండాలి. ఇంజను ఓవర్‌హాల్ అయ్యాక ఎన్ని గంటలు తిరిగిందన్నది తరువాతి ప్రశ్న. నేటి చిన్న ఇంజన్లు చాలావాటికి ఆ గడువు సుమారు 2,000 గంటలు. అయితే తక్కువ గంటలు తిరిగిన ఇంజనే మంచిదనుకోవడం పొరపాటు. ఎగరకుండా ఏళ్లతరబడి షెడ్డులో ఉన్నదాని లోపలి భాగాలు తుప్పు పట్టి ఉండవచ్చు, తీరప్రాంతంలో ఇది మరీ నిజం. బట్ట కప్పిన రెక్కయితే ఆ బట్ట బలం పరీక్షించాలి. పెట్రోలు టాంకు అడుగునుంచి కొంత వంపి నీరు చేరిందేమో చూడాలి. వీటన్నిటినీ చూడగలిగిన లైసెన్సున్న ఇంజనీరు కొనేవాడి పక్కన ఉండాలి. అతడు ఉండేది క్లబ్బున్నచోట. కథ మళ్లీ నేల దగ్గరికే వచ్చింది.

6. నౌపడ రైలు

తేలికపాటి వాహనం అన్నది ఈ ప్రాంతానికి కొత్త కాదు. పర్లాకిమిడి రాజు సొంత సొమ్ముతో నౌపడ నుంచి తన రాజధానికి రెండున్నర అడుగుల గేజిలో లైట్ రైల్వే వేయించుకున్నాడు. 1900లో అది నడిచింది. రాజు అవసరంతో, రాజు వైభవంతో మొదలైనదే. కాని రైలు దారిపొడుగునా నేలను తాకుతుంది కనుక దారిలోని ఊళ్లను వదలలేదు. టిక్కెట్టు కొన్నవాడల్లా ఎక్కాడు. కాలక్రమంలో ఆ దారి బ్రాడ్‌గేజిగా మారి నేటికీ ప్రజలకు పనికివస్తోంది.

విమానానికి నేల రెండు కొసల్లోనే కావాలి. నడుమ ఊళ్లతో దానికి పని లేదు. అందుకే ఒక సంపన్నుడు కొన్న రైలు పదిమందికి దారి అయింది. అదే సంపన్నుడు విమానం కొని ఉంటే అది అతనితోనే ఎగిరి అతనితోనే దిగేది. తేలికపాటి విమానం కూడా పదిమందిది కావాలంటే క్లబ్బు అనే ఉమ్మడి నేల ఉండాలి. ఉత్తర తీరానికి అందనిది విమానం కాదు, ఆ ఉమ్మడి నేల.

7. నేటి స్థితి

ఇప్పుడు ఈ జిల్లాలో పరిస్థితి వేగంగా మారుతోంది. భావనపాడు ఓడరేవుగా తలపెట్టినది మూలపేట పేరుతో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకొంది. అదే ఏడాది మే 3న భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2024 నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం పార్లమెంటు సభ్యులే. పలాస ప్రాంతంలో విమానాశ్రయం ప్రతిపాదన చర్చలో ఉంది. ఇవన్నీ పెద్ద విమానాల లెక్కలు. సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగలో ఉంది. అక్కడ యుద్ధవిమానాలకు, ప్రయాణికుల విమానాలకు ఉన్న ప్రాధాన్యం శిక్షణ విమానానికి ఉండదు. కొత్తగా వచ్చే నేలలో ఒక మూల, ఒక షెడ్డు, ఒక ఇంజనీరు క్లబ్బుకోసం కేటాయించాలా అన్న ప్రశ్న ఇప్పుడే అడగవలసినది. రన్‌వే పోసిన తరువాత అడిగితే చోటు లేదన్న జవాబే వస్తుంది.

షెడ్డు మాట వచ్చింది కనుక తుపానుల సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పునే లేపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక, మాత్‌కు చుట్టమే. చెట్లే నిలవని గాలికి కొన్ని వందల కిలోల బరువున్న విమానాన్ని తాళ్లతో కట్టి ఆపలేం. రెక్కలు మడవగలిగే యంత్రమో, ముందురోజే ఎగరేసి లోతట్టుకు పంపగలిగే ఏర్పాటో ఉండాలి. దాదాపు వందేళ్ల కిందటి మాత్ రెక్కల మడత ఇక్కడ వింతగా మళ్లీ పనికివస్తుంది.

తుపానులు వెళ్లిపోయాక గాలి నెమ్మదించి, ఆకాశం తేటపడి, చిన్న విమానానికి అనువైన కాలం మొదలవుతుంది. తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకొనే కాలం కూడా అదే. వాటిని ఊరివాళ్లు శుభంగా భావించి తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. కిలోల బరువు తూగే గూడబాతు తగిలితే చిన్న విమానం నిలవదు, గూడబాతూ బతకదు. భావనపాడు వెనుక చదునైన నేలను చూసి రన్‌వే గీత గీసేవారు, వేసవిలో కాక, ఆ పక్షులు చెరువులకూ ఉప్పుటేళ్లకూ మేతకు ఎగిరే నెలల్లో ఒక ఉదయం వచ్చి నిలబడి చూడాలి.