మదనపల్లెలో కజిన్స్ దంపతులు

జనగణమన చరిత్ర చెప్పేవారు మదనపల్లెను తలచుకొంటారు. మదనపల్లెను తలచినప్పుడు మార్గరెట్ కజిన్స్ పేరు చెబుతారు. అది ఉచితమే. కాని ఆ ఒక్క ఘట్టంతోనే ఆ దంపతుల కథ ముగిసినట్లు భావించడం సరికాదు. వారు ఆ ఊరికి అతిథులుగా రాలేదు, పని చేయడానికి వచ్చినారు.

ఇరువురిదీ ఐర్లండు. జేమ్స్ 1873లో బెల్‌ఫాస్టులో జన్మించినాడు, కవి, నాటకకర్త. 1878లో జన్మించిన మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. 1903లో వివాహమైనది. 1908లో డబ్లినులో స్త్రీల ఓటుహక్కు కోసం ఒక సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. ఆ ఉద్యమంలోనే కారాగారవాసం కూడా అనుభవించినది. 1915లో అనీబెసెంటు ఆహ్వానంపై దంపతులు మద్రాసు చేరినారు. జేమ్స్ 'న్యూ ఇండియా' పత్రికలో చేరినాడు. 1916లో డబ్లిను తిరుగుబాటును ప్రశంసిస్తూ వ్యాసం వ్రాసినందున ఆ ఉద్యోగం పోయినది. అప్పుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్లోపాధ్యాయుడైనాడు. రాయలసీమలోని ఆ చిన్న పట్టణం ఆ విధంగా వారి కర్మభూమి అయినది.

ఉపాధ్యాయత్వం జేమ్స్ సాహిత్యదృష్టిని మందగింపనీయలేదు. 1917లో వెలువడిన ఆయన ఆంగ్ల సాహిత్య విమర్శ గ్రంథాన్ని శ్రీ అరవిందులు 'ఆర్య' పత్రికలో సమీక్షింపబూనినారు. ఆ సమీక్షయే పెరిగి పెరిగి భావికవిత్వాన్ని గూర్చిన సుప్రసిద్ధమైన వ్యాసపరంపర అయినది. ఒక మారుమూల కళాశాల ఉపాధ్యాయుని రచన ఇంతటి చర్చకు నాంది పలికినది.

మార్గరెట్ దృష్టి మాత్రం ఇండ్లలోనే ఉండిపోయిన స్త్రీలపై నిలిచినది. కళాశాల ఉపాధ్యాయుల భార్యలతో ఆమె ఒక స్త్రీసమాజాన్ని నెలకొల్పినది. దానికి 'అబలాభివర్ధనీ సమాజం' అని పేరు. పేరులోని 'అబల' అనే మాట నాటి లోకాభిప్రాయాన్ని తెలుపుతుంది. తరువాతి చరిత్ర ఆ మాటను పూర్వపక్షం చేసినది. ఈ సమాజం తెచ్చిన ఉత్సాహం వెనుక ఉండగా 1917లో అడయారులో అఖిల దేశ ప్రాతిపదికపై భారత మహిళా సంఘం ఏర్పడినది. అదే సంవత్సరం డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళల రాయబారం మద్రాసులో మాంటేగును కలిసి ఓటుహక్కు కోరినది. ఆ రాయబారం ఏర్పాట్లలో మార్గరెట్ శ్రమ చాల ఉన్నది. 1921లో మద్రాసు రాష్ట్రం ఆస్తి మొదలైన అర్హతలు గల స్త్రీలకు ఆ హక్కు నిచ్చినది. అబలల పేరిట ఆరంభమైన ప్రయత్నం అయిదారేండ్లలో శాసనసభ ద్వారం దాక వచ్చినది.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె వచ్చినారు. తమ పాటను అక్కడ పాడి వినిపించినారు. మార్గరెట్ దానికి స్వరలిపి వ్రాసినది; విద్యార్థులు నేర్చుకొన్నారు; ఫిబ్రవరి 28న కవి తామే దానిని ఆంగ్లంలోకి అనువదించినారు. 1950లో జాతీయగీతమైన ఆ పాట చరిత్రలో మదనపల్లెకు ఈ విధంగా స్థానం లభించినది. అతిథిగా వచ్చిన మహాకవిని ఆదరించడానికి ఒక కళాశాల, పాటను అందుకోవడానికి సంగీతజ్ఞురాలు సిద్ధంగా ఉండడం యాదృచ్ఛికం కాదు. అది అంతకు ముందటి శ్రమఫలం.

తరువాత మార్గరెట్ సైదాపేటలో గౌరవ మెజిస్ట్రేటు అయినది. భారతదేశంలో ఆ పదవి నందిన తొలి మహిళ ఆమెయే. 1927లో పూనాలో సమావేశమైన అఖిల భారత మహిళా సభకు ప్రేరకురాలైనది. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులను బహిరంగసభలో ఖండించి, ఏడాది శిక్ష పొంది, వేలూరు చెరలో ఉన్నది. న్యాయపీఠంపై కూర్చున్న వ్యక్తియే న్యాయం కోసం ఖైదీ అయినది. జేమ్స్ తిరువనంతపురంలో 1935లో వెలసిన శ్రీచిత్రాలయ నిర్మాణానికి తోడ్పడినాడు. 1930లలోనే మళ్ళీ మదనపల్లె కళాశాల అధ్యక్షపీఠానికి వచ్చినాడు.

1950లో ఇరువురూ కలిసి వ్రాసిన ఆత్మకథ వెలువడినది. 'మేమిద్దరం కలిసి' అని దాని పేరుకు అర్థం. మార్గరెట్ 1954లో అడయారులో మరణించినది. జేమ్స్ 1956లో మదనపల్లెలో కన్నుమూసినాడు. అడయారు, తిరువాన్కూరు, విదేశాలు ఎన్ని తిరిగినా ఆయన చివరకు చేరుకొన్నది ఆ ఊరికే. జన్మచేత కాక, చేసిన పనిచేత ఒక ఊరిని స్వస్థలం చేసుకొన్నవారి చరిత్ర ఇది. జాతీయగీతాన్ని పాడుకొనే జాతి, ఆ పాటకు స్వరలిపి వ్రాసిన చేతులే అంతకు ముందు ఒక చిన్న స్త్రీసమాజాన్ని నిలబెట్టినవన్న సంగతిని కూడా గుర్తుంచుకోవడం ధర్మం.