తెగిన వేళ్లు పలికించిన ప్రతిమధ్యమం

ముందు వాన. ఎక్కడో ఉరుము. చర్చి గంట తాపీగా మోగుతూ ఉంటుంది. ఆ తర్వాత గిటార్ మీద మూడంటే మూడు స్వరాలు, నెమ్మదిగా, ఒక్కొక్కటీ నేలమీద బండరాయిలా పడతాయి. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు ఇంగ్లండ్‌లో విడుదలైన 'బ్లాక్ సబ్బాత్' ఆల్బమ్ ఇలా మొదలవుతుంది. బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు, మొదటి పాట పేరు మూడూ అదే. హెవీ మెటల్ ఎక్కడ పుట్టిందని అడిగితే లోకంలో చాలామంది వేలు చూపించేది ఈ మూడు స్వరాల వైపే.

ఈ ఆల్బమ్‌కు దయ్యాల ముద్ర పడిపోయింది. నల్లబట్టలు, శిలువలు, చీకటి అంటూ దాని గురించి చెప్పేవాళ్లు అక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం ఇందులో వినిపించేది కార్ఖానా. దీనిలోని ప్రతి బరువైన శబ్దం వెనకా ఒక యంత్రమో, ఒక గాయమో, చేతిలో డబ్బు లేకపోవడమో ఉంది. ఆ కారణాలను ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళితే ఈ సంగీతం మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఆస్టన్ కుర్రాళ్లు

బర్మింగ్‌హామ్‌కు 'వెయ్యి వృత్తుల నగరం' అని పేరు. ఇనుము, ఇత్తడి, కార్ల విడిభాగాలు, తుపాకులు, ఇలా లోహంతో చేయగలిగినదల్లా అక్కడ చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు ఆ నగరాన్ని బాంబులతో దారుణంగా దెబ్బతీశాయి. యుద్ధం ముగిసిన మూడు నాలుగేళ్లకు, 1948, 49ల్లో పుట్టిన నలుగురు కుర్రాళ్లు కూలిన ఇళ్ల మధ్య ఆడుకుంటూ పెరిగారు. ఆస్టన్ పేట వాళ్లది. గిటార్ టోనీ ఐయోమీ, బాస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్, గాత్రం ఆజీ ఆస్బోర్న్.

నలుగురివీ కష్టం చేసుకు బతికే కుటుంబాలే. ఆజీ కబేళాలో పనిచేశాడు, కార్ల హారన్లు సరిచూసే కార్ఖానాలో పనిచేశాడు, చిన్న దొంగతనం కేసులో జరిమానా కట్టలేక కొన్ని వారాలు జైల్లోనూ ఉన్నాడు. పాడే అవకాశం కావాలని, తన దగ్గర సొంత మైకు సెట్టు ఉందని సంగీత పరికరాల దుకాణంలో చీటీ అంటించాడు. ఆ చీటీయే అతన్ని మిగతావాళ్లతో కలిపింది. వచ్చి చూసిన ఐయోమీకి ముందు నమ్మకం కుదరలేదు. బడిలో తనకంటే ఒక తరగతి కింద చదివిన ఆ అల్లరి కుర్రాడు పాడతాడని అతను అనుకోలేదు.

1968లో చేతులు కలిపినప్పుడు వాళ్ల పేరు 'పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్'. తర్వాత 'ఎర్త్' అయింది. అదే పేరుతో మరో బ్యాండ్ ఉండటంతో మళ్లీ మార్చక తప్పలేదు. ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన, బోరిస్ కార్లాఫ్ నటించిన 'బ్లాక్ సబ్బాత్' అనే భయానక చిత్రం పేరు అప్పుడు దొరికింది. డబ్బిచ్చి మరీ భయపడటానికి జనం సినిమాలకు వెళ్తున్నారు కదా, భయం పుట్టించే సంగీతం ఎందుకు చేయకూడదు అన్న ఆలోచన వాళ్ల దారి మార్చేసింది.

ప్రెస్ యంత్రం కింద రెండు వేళ్లు

ఈ కథలో అన్నిటికంటే పెద్ద మలుపు బ్యాండ్ పుట్టకముందే జరిగింది. పదిహేడేళ్ల ఐయోమీ రేకుల కార్ఖానాలో వెల్డింగ్ పని చేసేవాడు. జర్మనీకి కచేరీ యాత్ర ఒప్పుకున్నాడు కాబట్టి అది అతనికి పనిలో ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక తిరిగి వెళ్లనన్నాడు. మొదలుపెట్టిన పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపింది. ఆ రోజు ప్రెస్ యంత్రం నడిపే మనిషి రాలేదు. అలవాటు లేని ఆ యంత్రం దగ్గర ఐయోమీని నిలబెట్టారు. యంత్రం పడి అతని కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఐయోమీది ఎడమచేతి వాటం. అంటే పోయినవి తీగలు నొక్కే చేతి వేళ్లు.

గిటార్ ఇక మరిచిపొమ్మన్నారు వైద్యులు. కుంగిపోయి ఉన్న కుర్రాడిని చూడటానికి కార్ఖానా ఫోర్‌మన్ ఒక రికార్డు పట్టుకొచ్చాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించిన జాజ్ గిటార్. విన్న తర్వాత అసలు సంగతి చెప్పాడు: 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో రైన్‌హార్ట్ ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి, ఆ తర్వాతే అతను అంతటి వాద్యకారుడయ్యాడు. ఈ ఆల్బమ్ చరిత్రలో పెద్దగా పేరు వినిపించని ఆ ఫోర్‌మన్‌కు నేను మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

ఐయోమీ గిన్నెలు తోమే సబ్బుద్రావణం ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. కాల్చిన సోల్డరింగ్ ఇనుముతో దానికి రంధ్రాలు చేసి, గరుకు కాగితంతో అరగదీసి, వేళ్లకు తొడుగులు తయారుచేసుకున్నాడు. ప్లాస్టిక్ తీగమీద జారిపోతుంటే పాత జాకెట్ తోలు ముక్కలు అంటించాడు. మామూలు గిటార్ తీగలు నొక్కితే నొప్పి. సన్నటి తీగలు బజారులో దొరకకపోతే బ్యాంజో తీగలు తెచ్చి బిగించాడు. అన్ని వేళ్లూ పరిచి వాయించే నిండు కార్డులు కష్టమయ్యాయి కనుక రెండు మూడు స్వరాలతోనే పలికే పవర్ కార్డులను ఆశ్రయించి, వాటిలోంచే అంత నిండుదనం రాబట్టాడు. గీజర్ బట్లర్ బాస్ మీద అదే వరుసను కిందినుంచి కలిపి వాయించేవాడు. గిటార్, బాస్ ఒకే గోడలా నిలబడ్డ ఆ ధ్వనిని తర్వాత వేల బ్యాండ్లు కావాలని నేర్చుకున్నాయి. ఐయోమీకి అది వాయించడానికి మిగిలిన దారి.

ఆ మూడు స్వరాలు

బట్లర్‌కు ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన 'ద ప్లానెట్స్'లోని 'మార్స్' భాగమంటే ఇష్టం. రిహార్సల్స్‌లో దాన్ని బాస్ మీద వాయిస్తూ ఉండేవాడు. 'బ్లాక్ సబ్బాత్' పాటలోని మూడు స్వరాలు ఐయోమీకి తట్టింది ఆ ప్రభావంలోనే.

కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగువారికి ఆ స్వరాలను విప్పి చెప్పడం తేలిక. కింది షడ్జం, పై షడ్జం, అక్కడినుంచి దిగి ప్రతిమధ్యమం. అంతే. 72 మేళకర్తల్లో సగం, అంటే 36 రాగాలు ప్రతిమధ్యమం మీదే నిలబడ్డాయి. మనకు మంగళకరంగా వినిపించే కల్యాణిలో ఉన్నదీ ఆ స్వరమే. మరి ఇక్కడ అది వెన్నులో వణుకు ఎందుకు పుట్టిస్తుంది? కల్యాణిలో ప్రతిమధ్యమానికి అటూ ఇటూ గాంధారం, పంచమం చుట్టాల్లా ఉంటాయి. పంచమం చేరగానే మనసు కుదుటపడుతుంది. ఐయోమీ చుట్టుపక్కల స్వరాలన్నీ తీసేశాడు. ప్రతిమధ్యమాన్ని పంచమానికి తాకీ తాకనట్టు వణికిస్తాడు కానీ పంచమం మీద నిలవనివ్వడు. చెవి విశ్రాంతి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, అది దొరకదు. షడ్జానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉన్న ఈ అంతరానికి పాశ్చాత్య సంగీత గ్రంథాలు సైతాను పేరు పెట్టాయి. మధ్యయుగాల్లో చర్చి దీన్ని నిషేధించిందన్న ప్రచారానికి మాత్రం ఆధారాలు లేవు. భయం స్వరంలో లేదు, దాన్ని ఒంటరిగా వదిలేయడంలో ఉంది.

పాటలోని మనిషి సైతానును పూజించడు. ఎదుట నిలబడ్డ నల్లటి ఆకారాన్ని చూసి బెదిరిపోయి, దేవుణ్ణి సాయం అడుగుతాడు. తన గదిలో ఒక రాత్రి అలాంటి ఆకారం కనబడిందని బట్లర్ చెప్పిన అనుభవం నుంచే ఆ సాహిత్యం వచ్చింది. ఆజీ గొంతులో వేషం లేదు, నిజంగా భయపడ్డవాడి కేక ఉంది. నన్ను కట్టిపడేసేది అదే.

ఒకే ఒక్క రోజు

1968 చివర్లో ఐయోమీ కొద్దివారాలు 'జెత్రో టల్' బ్యాండ్‌లోకి వెళ్లాడు. పొద్దున్నే ఠంచనుగా సాధనకు కూర్చునే వాళ్ల పద్ధతి చూసి, తిరిగొచ్చి సొంత బ్యాండ్‌లో అదే క్రమశిక్షణ పెట్టాడు. ఆ తర్వాత జర్మనీలో హాంబర్గ్ స్టార్ క్లబ్‌లో రోజుకు అనేక విడతలు వాయించారు. వచ్చిన కొద్ది పాటలనే సాగదీసి, మార్చి, అరగదీసి వాయించక తప్పని పరిస్థితి అది.

ఆ సాధన ఫలితం 1969 అక్టోబర్ 16న కనిపించింది. లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో నిర్మాత రాడ్జర్ బెయిన్, ఇంజనీర్ టామ్ ఆల్లం సమక్షంలో కచేరీలో వాయించినట్టే వాయించి, సుమారు పన్నెండు గంటల్లో ఆల్బమ్ రికార్డింగ్ ముగించారు. ఖర్చు దాదాపు 600 పౌండ్లు. మొదట 'వికెడ్ వరల్డ్' పాట కాగానే ఐయోమీ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లోని పికప్ చెడిపోయింది. బాగుచేయించే వ్యవధి లేదు. వెంట తెచ్చుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి మిగతాదంతా దానిమీదే వాయించాడు. ఆ గిటార్ అతని జీవితకాలపు గుర్తు అయింది. వాన, ఉరుము, గంట తర్వాత చేర్చినవి.

అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం ముగిసి అప్పటికి రెండు నెలలు. పువ్వులు, ప్రేమ, శాంతి గురించిన పాటలు ఆస్టన్ కార్ఖానాల పక్కన పెరిగిన కుర్రాళ్లకు తమవి అనిపించలేదు. తాము చూసిందే వాయించారు.

మిగతా పాటల్లోనూ ఎంత ఉందో! 'ద విజార్డ్'లో ఆజీ వాయించిన హార్మోనికా వింటే ఈ చెట్టు వేళ్లు బ్లూస్‌లో ఉన్నాయని తెలుస్తుంది. పాటలోని మాంత్రికుడు టోల్కీన్ నవలల్లోని గాండాల్ఫ్ నుంచి వచ్చాడు. 'ఎన్.ఐ.బి.'కి ముందు బట్లర్ ఒంటరిగా బాస్ వాయిస్తాడు. సైతానే ప్రేమలో పడి మారిపోవడం ఆ పాట ఇతివృత్తం. పేరు మాత్రం బిల్ వార్డ్ గడ్డం పెన్ను పాళీలా (నిబ్) ఉందన్న సరదా నుంచి వచ్చింది. వార్డ్ చేతుల్లో జాజ్ ఉంది. జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపాను విని పెరిగినవాడు కనుకనే ఇంత బరువులోనూ లయ ఊగుతుంది. తర్వాత వచ్చిన ఎన్నో మెటల్ బ్యాండ్లలో నాకు దొరకనిది ఆ ఊపే. చివరి పాట 'వార్నింగ్' ఐన్స్‌లీ డన్‌బార్ బృందం పాట. అందులో ఐయోమీ నిమిషాల తరబడి సాగించే గిటార్ మనోధర్మంలా వినిపిస్తుంది.

విమర్శకులు, వినేవాళ్లు

వెర్టిగో సంస్థ ఆల్బమ్‌ను విడుదల చేసింది. ముఖచిత్రం మీద ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేపుల్‌డర్హమ్ నీటిమర, ముందు నల్లటి ఆచ్ఛాదనలో ఒక స్త్రీ. తీసింది కీత్ మెక్‌మిలన్. లోపలి అట్టమీద తలకిందుల శిలువను బ్యాండ్‌కు చెప్పకుండానే ముద్రించారు. దాంతో సైతాను పూజారులన్న పేరు అంటుకుంది. నిజానికి వాళ్లు మెడలో వేసుకున్న శిలువలు కీడు సోకకుండా ఆజీ తండ్రి అల్యూమినియంతో చేసిచ్చినవి. ఆయన వృత్తి కార్ఖానాలో పనిముట్లు తయారుచేయడం.

'రోలింగ్ స్టోన్' పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దీన్ని 'క్రీమ్' బ్యాండ్‌కు నాసిరకం అనుకరణగా తీసిపారేశాడు. వినేవాళ్లు మాత్రం పత్రికల కోసం ఆగలేదు. బ్రిటన్ పట్టికలో ఆల్బమ్ 8వ స్థానానికి, అమెరికాలో 23వ స్థానానికి చేరింది. అక్కడ ఏడాదికి పైగా పట్టికలో నిలిచింది. ఆల్బమ్ తాకిడి చుట్టుపక్కలకూ పాకింది. బర్మింగ్‌హామ్ ప్రాంతానికే చెందిన 'జూడస్ ప్రీస్ట్' తొలి ఆల్బమ్‌ను 1974లో ఇదే రాడ్జర్ బెయిన్ నిర్మించాడు. 1980లో వాళ్ల 'బ్రిటిష్ స్టీల్'ను ఇదే టామ్ ఆల్లం నిర్మించాడు.

2025 జూలై 5న ఆ నలుగురూ ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో చివరిసారి కలిసి వాయించారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని ఆజీ సింహాసనం మీద కూర్చుని పాడాడు. మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్ వంటి బ్యాండ్లు అదే వేదిక మీద వాళ్ల పాటలు వాయించి రుణం తీర్చుకున్నాయి. తొలి ఆల్బమ్ నుంచి 'ఎన్.ఐ.బి.' ఆ రోజు వినిపించింది. జూలై 22న ఆజీ వెళ్లిపోయాడు.

ఈ ఆల్బమ్ కొత్తగా వినేవారికి ఒక్క మాట చెబుతాను. పాటలు విడదీయకుండా, వరసగా, ఒకే విడతలో వినండి. మొత్తం నలభై నిమిషాలు కూడా లేదు. ఖరీదైన స్టూడియో, నెలల వ్యవధి, పది వేళ్లు, ఇవేవీ లేని నలుగురు పనివాళ్ల పిల్లలు తమ ఊరి బరువును స్వరాల్లోకి మార్చారు. కళకు వనరులు తక్కువైనాయని ఎవరైనా నిరుత్సాహపడితే నేను వాళ్ల చేతిలో పెట్టే రికార్డు ఇదే, ఆనాడు ఆ ఫోర్‌మన్ ఐయోమీ చేతిలో పెట్టినట్టు.