మాల్డన్ యుద్ధకావ్యము: వీరగాథయు సమరానుభవమును

క్రీస్తు శకము 991 ఆగస్టు మాసమున ఇంగ్లండు తూర్పుతీరమునందలి ఎసెక్స్ మండలములో, మాల్డన్ అను ఊరి చెంత ఒక యుద్ధము జరిగినది. ఓడలపై వచ్చిన వైకింగులు ఒక వైపు, మండలాధిపతియైన బ్యుర్హ్‌త్నోత్ నడపిన ఆంగ్లసేన ఒక వైపు. ఆంగ్లేయులు ఓడిపోయిరి, అధిపతి మరణించెను. ఆ యేటనే 10,000 పౌనుల కప్పము చెల్లించి వైకింగులను శాంతింపజేసిరని ఆంగ్లో సాక్సన్ వార్షిక చరిత్ర తెలుపుచున్నది. దేశచరిత్రలో ఇది ఒక పరాజయము మాత్రమే. కాని దానిని గూర్చి ఒక అజ్ఞాతకవి ప్రాచీనాంగ్ల భాషలో కావ్యము రచించుటచేత అది వేయేండ్లుగా మఱుపునకు రాకున్నది. ఆ కావ్యమును చదువు దృష్టి ఇరువదవ శతాబ్దపు మహాయుద్ధముల పిమ్మట ఎట్లు మాఱినదో వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా కథ. వైకింగులు దిగినది ఏటి నడుమ నున్న ఒక లంకపై. లంకకును గట్టునకును మధ్య, సముద్రపు పోటు తగ్గినపుడు మాత్రమే బయటపడు సన్నని బాట యొకటి కలదు. ఆ బాటపై ముగ్గురు వీరులు నిలిచి శత్రువులను ఆపగలిగిరి. అప్పుడు వైకింగులు తమను గట్టునకు రానిమ్మని కోరగా బ్యుర్హ్‌త్నోత్ సమ్మతించెను. ఆ సమ్మతికి కవి చెప్పిన కారణము ఒకే మాట: 'ఓఫెర్‌మోద్'. పోరు ముదిరి ప్రభువు కూలగానే గోద్రిచ్ అనువాడు ఆయన గుఱ్ఱమునే ఎక్కి పాఱిపోయెను. ప్రభువే పోవుచున్నాడని భ్రమించి పలువురు చెదరిపోయిరి. మిగిలిన అనుచరులు మాత్రము శవమును విడువక పోరాడి ఒక్కరొక్కరుగా ప్రాణములు అర్పించిరి. అట్టివారిలో బ్యుర్హ్‌త్వోల్డ్ అను వృద్ధయోధుని తుదిపలుకులు జర్మానిక్ వీరకవిత్వమునకే మకుటాయమానమని పండితులు కొనియాడిరి.

ఈ కావ్యము మనకు దక్కుట ఒక విశేషము. దాని ఏకైక ప్రాచీన ప్రతి 1731 లో లండను నగరమున కాటన్ గ్రంథసంచయమును దహించిన అగ్నిప్రమాదములో భస్మమైనది. సుప్రసిద్ధమగు 'బేవుల్ఫ్' ప్రతికి కూడ ఆ మంటలలోనే అంచులు మాడినవి. అయితే అంతకు పూర్వమే ఒకరు మాల్డన్ కావ్యమునకు నకలు వ్రాసి యుంచిరి. 1726 లో అది అచ్చుపడినది. ఆద్యంతములు అప్పటికే లోపించిన 325 చరణములు అట్లు నిలిచినవి. ఈ చరణములందు రెండు భాగములను అక్షరసామ్యము కలిపి పట్టుచుండును. మన పద్యములలోని యతి నెఱిగిన వారికి ఈ కట్టుబాటు సుబోధమే.

పందొమ్మిదవ శతాబ్దమున ఇట్టి గ్రంథములను పరిష్కరించిన విద్వాంసుల శ్రమ అపారము. కాని ఆ పాండిత్యము వెంటనే జాత్యభిమానమునకు ఉపకరణమైనది. క్రీ. శ. 1200 ప్రాంతమున పుట్టిన జర్మను కావ్యము 'నీబెలుంగెన్‌లీడ్' ఇందులకు నిదర్శనము. స్వజనుని శత్రువుల కప్పగింప నిరాకరించి బర్గండీ వీరులందరు పరాయిరాజు సభాభవనమున హతులగుట ఈ కావ్యపు తుదిఘట్టము. నెపోలియనుతో పోరు సాగిన కాలమున, 1815 లో, యుద్ధమునకు పోవు యువకుల కొఱకు దీనిని చిన్న పుస్తకముగా ముద్రించిరి. 1909 లో జర్మను ప్రధానమంత్రి బ్యూలో ఆస్ట్రియాతో తమకు గల మైత్రిని ఈ కావ్యవీరుల విధేయతతో పోల్చెను. ఆ కావ్యము సర్వనాశముతో ముగియునను సంగతి ఆ ఉపన్యాసమునకు అడ్డు రాలేదు. ఐదేండ్లకే ఐరోపా యుద్ధమున మునిగినది.

1914 నాటి యుద్ధమునకు చదువుకొన్న యువకులు వేలకొలదిగా పోయిరి. వారిలో కవి విల్ఫ్రెడ్ ఓవెన్ 1918 నవంబరు 4 న, సంధికి ఏడు దినముల ముందు, హతుడయ్యెను. 1916 లో సోమ్ రణరంగమున గాయపడి, మృతుడని ప్రకటింపబడి, బ్రదికి వచ్చిన రాబర్ట్ గ్రేవ్స్ యుద్ధానంతరము ఆక్స్‌ఫర్డులో చదివెను. తోటివారికి విసుగు పుట్టించిన ప్రాచీనాంగ్ల కవిత్వము తనకు మాత్రము సన్నిహితముగా తోచినదని ఆయన 1929 లో ప్రకటించిన ఆత్మకథలో వ్రాసెను. కంబళి చుట్టుకొని సైనికుల నడుమ పరుండిన బేవుల్ఫ్‌ను ఆయన ఎఱుగును. అట్టి రాత్రులు తానును గడపియుండెను.

అదే సోమ్ రణరంగమున సంకేతవార్తల అధికారిగా నున్నవాడు జె. ఆర్. ఆర్. టోల్కీన్. ఆయన జ్వరపీడితుడై 1916 నవంబరులో స్వదేశము చేరెను. నలుగురు బాల్యమిత్రుల గోష్ఠిలో ఇద్దరు ఆ యేడే మరణించిరి. 1925 లో ఆయన ఆక్స్‌ఫర్డున ఆంగ్లో సాక్సన్ ఆచార్యుడయ్యెను. 'బేవుల్ఫ్'ను చరిత్రాంశములు త్రవ్వుకొను గనిగా గాక కావ్యముగా చదువవలెనని 1936 నవంబరున బ్రిటిష్ అకాడమీలో ఆయన చేసిన ఉపన్యాసము ఆ శాస్త్రమునే మలుపు త్రిప్పినది. ఓటమి తప్పదని తెలిసియు వెనుదీయని ఉత్తరదేశపు ధైర్యమును ఆయన అందు ప్రశంసించెను.

కాని ఆ ధైర్యమునే మఱియొకరు మఱియొక విధముగా వాడుకొనుచుండిరి. ఉత్తరదేశముల సంస్కారమును హిట్లరు చెఱచెనని టోల్కీన్ 1941 లో కుమారునికి వ్రాసిన లేఖలో ఆగ్రహము వెలిబుచ్చెను. 1943 జనవరి 30 న గోరింగ్, స్టాలిన్‌గ్రాడున చిక్కి ఆకలితో మలమల మాడుచున్న జర్మను సైనికులను నీబెలుంగుల సభాభవనపు వీరులతో పోల్చి, కడవఱకు పోరుడని ఆకాశవాణిలో ఉపన్యసించెను. మఱునాడే సేనాధిపతి పౌలుస్ లొంగిపోయెను. ఖైదీలైన సుమారు 91,000 మందిలో ఇల్లు చేరినవారు కొలది వేలమందియే.

ఈ నేపథ్యమున టోల్కీన్ 1953 లో ప్రకటించిన చిన్న రచనను చూడవలెను. మాల్డన్ పోరు ముగిసిన రాత్రి ఇద్దరు సామాన్యులు ప్రభువు శవమును వెదకుటకు చీకటిలో రణభూమికి వత్తురు. ఒకడు పాటలతో తల నిండిన గాయకుని కొడుకు. ఇంకొకడు అనుభవశాలియైన రైతు. తల లేని ప్రభువు మొండెమును బండిపై నెక్కించి ఈలీ మఠమునకు తోలుకొని పోవుటయే కథ. రచన పాతకాలపు అక్షరసామ్య ఛందస్సుననే సాగినను, శవములను తడవి గుర్తించు ఆ చేతులు ఇరువదవ శతాబ్దమునవి.

దీనికి చేర్చిన వ్యాసములో 'ఓఫెర్‌మోద్' అనగా మహాధైర్యము కాదు, మితిమీరిన గర్వము అని ఆయన వాదించెను. కావ్యమునకు 89, 90 చరణములే కీలకమనియు, అధిపతి ధర్మము దేశరక్షణము గాని కీర్తిసంపాదనము కాదనియు, ఆయన తప్పునకు అనుచరులు ప్రాణములతో మూల్యము చెల్లించిరనియు ఆయన మతము. అధికారము లేనివాని విధేయతయందును ప్రేమయందునే నిజమైన వీరత్వము కలదని ఆయన తేల్చెను.

ఈ వాదమును అందఱును అంగీకరింపలేదు. దాటనీయకున్నచో వైకింగులు ఓడలెక్కి వేఱొక తీరమును దోచెడివారు గనుక అధిపతి చేసినది యుక్తమే యని కొందఱు చరిత్రకారులు చెప్పిరి. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అయినను కవి స్వయముగా ఆ మాట వాడెను. ప్రభువును ప్రేమించుచునే వాడెను. పొగడ్తను, అభియోగమును ఒకే కావ్యమున ఇముడ్చుట ఆయన నిజాయితీ.

టోల్కీన్ పఠనమునకు యుద్ధానుభవమే కారణమని మేము నిర్ధారింపజాలము. కాని పై నుండి వచ్చిన ఆజ్ఞకు క్రింది వారు మడియుట కన్నులార చూచినవానికి ఆ రెండు చరణములు బిగ్గఱగా వినిపించుటలో వింత లేదు. వీరగాథలు గల ప్రతి జాతియు తన గాథను పిల్లలకు పాడి వినిపించును, అది తగినదే. నిలిచినవారి పేర్లతో పాటు, వారట్లు నిలువవలసి వచ్చుటకు కారకులెవరను ప్రశ్న కూడ పాతకవి మనకు వదలి పోయెను. దానిని విడిచి పాటను మాత్రమే అందుకొన్నవారు స్టాలిన్‌గ్రాడు చేరిరి.