దారిన పోయేవాళ్లకు ఒక రాత్రి

1827 జులై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. అంతకుముందు, 1800 నుంచి 1807 దాకా, దత్తమండలాల కలెక్టరుగా డేరాల్లో మకాం వేస్తూ ఊరూరా తిరిగినవాడు. మద్రాసులో ఆయనకు గుర్రమెక్కిన విగ్రహం పెట్టారు. మన సీమలో మాత్రం పత్తికొండలో మెట్లబావి తవ్వించి, తోపు వేయించారు. గుత్తిలో బాటసారులకు సత్రం కట్టించారు. విగ్రహం కంటే ఆ సత్రమే నాకు గొప్పగా తోస్తుంది.

ఇక్కడ భక్తులకు చోటు ఎప్పుడూ కరువు కాలేదు. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయానికి తెలుగు, కన్నడ యాత్రికులు వస్తూనే ఉన్నారు. ఆ గ్రామాన్ని స్వామికి ఇచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని చెప్పుకుంటారు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గరకు వచ్చేవాళ్లు చాప పరచుకున్న చోటే ఇల్లు. 1871లో మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరింది. ఆ తర్వాత దూరప్రాంతాల జనమూ పెరిగారు.

మరి మొక్కు లేకుండా, ఊళ్లు చూడాలన్న కోరికతోనే బయల్దేరిన కుర్రవాడి సంగతి? వాడి గురించి మొదట ఆలోచించినవాడు రిచర్డ్ షిర్‌మన్ అనే జర్మన్ బడిపంతులు. 1909లో పిల్లలను కాలినడకన తిప్పుతుండగా గాలివాన పట్టుకుంది. ఒక ఊరి బడిలో గడ్డి పరచుకుని ఆ రాత్రి గడిపారు. సెలవుల్లో ఖాళీగా ఉండే తరగతి గదులు ప్రయాణికులకు ఎందుకు పనికిరావన్నది ఆయనకు వచ్చిన ఆలోచన. 1912లో ఆల్టెనా కోటలో యూత్ హాస్టల్ తెరిచాడు. 1932 నాటికి ఆమ్‌స్టర్‌డామ్‌లో దేశదేశాల హాస్టల్ సంఘాలు ఒక్కటయ్యాయి. ఒకే గదిలో వరుస మంచాలు, తక్కువ రుసుము, అపరిచితులతో కబుర్లు: పద్ధతి అంతే. సికింద్రాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున, నాగార్జునసాగర్‌లో మనకూ అలాంటివి ఉన్నాయి.

హొళగుంద వైపు అలాంటిది రావాలని నా గట్టి కోరిక. దసరా రాత్రి అక్కడి దేవరగట్టు కొండ మీద మాళమల్లేశ్వరుని కల్యాణమయ్యాక బన్ని ఉత్సవం జరుగుతుంది. దేవుడి విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు కర్రలతో తలపడతారు. టీవీలు ఆ కర్రల సమరాన్నే చూపిస్తాయి. తెల్లారాక కెమెరాలు వెళ్లిపోతాయి. ఆ కొండ దగ్గరి నెరణికిలో ఒక పూట ఆగి, ఆ ఊరివాళ్లు తమ దేవుణ్ని ఎందుకంత గట్టిగా కాపాడుకుంటారో వాళ్ల నోటే వినాలంటే, మర్నాడు ఆదోని కోట ఎక్కాలంటే, కాలేజీ పిల్లల చేతిలో లాడ్జి డబ్బులుండవు. దసరాకు బళ్లకు సెలవులు. షిర్‌మన్ అడిగిన తరగతి గదులు మన దగ్గరా ఆ రోజుల్లో తాళం వేసే ఉంటాయి. పది చాపలు, తాగునీళ్లు, ఆడపిల్లలకు వేరే గది, మరుగుదొడ్డి, పేర్లు రాసుకునే ఒక పుస్తకం, బాధ్యత తీసుకునే ఒక మాస్టారు ఉంటే ఈ దసరాకే మొదలుపెట్టవచ్చు.